పూరికప్పు మీది నుంచి జారిపడని కుక్కలు

1500ల నాటి ఇంగ్లండులో సామాన్యులు ఎలా బతికారో వర్ణిస్తూ, ఆ బతుకులోని మురికి, పేదరికం, అజ్ఞానాల నుంచే నేటి ఇంగ్లీషు జాతీయాలు ఎన్నో పుట్టాయని నమ్మించే ఒక రచన 1999లో ఈమెయిళ్ల ద్వారా లోకమంతా తిరిగింది. పాతికేళ్లు దాటినా దాని ప్రయాణం ఆగలేదు. ఇప్పుడు అది వాట్సాప్‌లో మన చేతికి వస్తోంది, ఇంగ్లీషు నేర్పేవారు కొందరు దాన్ని పాఠంగానే చెబుతున్నారు. ముచ్చటైన కథలు కనుక పిల్లలు ఇట్టే గుర్తుపెట్టుకుంటారు. నన్ను బాధించేది కూడా అదే, ఎందుకంటే ఒకసారి మనసులో నాటుకున్న తప్పుడు కథను తీసివేయడం కొత్త సంగతి నేర్పడం కన్నా కష్టం. అందుకే అందులోని ముఖ్యమైన వాదనలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

ఒక మాట పుట్టుక గురించి ఎవరు ఏ కథ చెప్పినా, ఆ మాట రాతలో మొదట ఎప్పుడు కనిపించిందని అడగాలి. 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఈ ప్రశ్న మీదే నిలబడింది. ప్రతి అర్థానికీ పాత రచనల నుంచి తేదీలతో సహా వాక్యాలను చూపడం దాని పద్ధతి. ఇంగ్లీషువారి ‘బ్యాండికూట్’ మన పందికొక్కేనని ఈనాడు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, ధ్వని కలిసింది, అర్థం కలిసింది, ఆంగ్లేయులు ఆ మాట విన్న చోటూ కాలమూ కలిశాయి. 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ పదకోశం కూడా దాన్ని తెలుగు మాటగానే నమోదు చేసింది. ఈ సందేశంలోని కథలను అదే గీటురాయి మీద పెట్టి చూద్దాం.

అన్నిటికన్నా ప్రసిద్ధమైనది ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’, అంటే పిల్లులూ కుక్కలూ కురిసినట్టు జోరువాన పడడం. ఇళ్లకు గడ్డికప్పులు ఉండేవట, వెచ్చదనం కోసం పిల్లులు, కుక్కలు ఆ కప్పులో పడుకునేవట, వాన పడితే కప్పు తడిసి జారుడై అవి కిందికి రాలిపడేవట. మన కోస్తా జిల్లాల్లో తాటాకు ఇంట్లోనో, రెల్లుగడ్డి కప్పిన పూరింట్లోనో ఒక్క వానాకాలం గడిపినవారికైనా ఇందులోని అసంబద్ధత వెంటనే తెలుస్తుంది. పూరికప్పు నీటిని పై పొరల మీదుగానే చూరుకు దించుతుంది, లోపలి గడ్డి పొడిగా ఉంటుంది, అలా ఉండేటట్టు కప్పడమే కప్పు నేసేవాడి పనితనం. ఇంగ్లండులోని గడ్డికప్పులూ నీరు నిలవకుండా నిటారు వాలుతోనే ఉండేవి. పిల్లి అయినా ఎక్కుతుందనుకుందాం, కుక్క అక్కడికి ఎలా చేరుతుంది? చేరినా, వాన మొదలైనప్పుడు పొడిగా ఉన్న లోపలి గడ్డిని వదిలి తడిసే పైభాగాన ఎందుకు పడుకుంటుంది?

లిఖిత ఆధారం ఈ కథను ఇంకా గట్టిగా కొట్టివేస్తుంది. 1651లో అచ్చయిన హెన్రీ వాన్ కవితలో, వానగా కురిసే కుక్కల నుంచి, పిల్లుల నుంచి తమ సరుకును కాపాడే కప్పు కావాలని తిరుగు వ్యాపారులు కోరుకుంటారు. అంటే మనకు దొరికే తొలి ప్రయోగాల్లో ఒకదానిలోనే కుక్కలూ పిల్లులూ ఆకాశం నుంచి పడుతున్నాయి, కప్పు వాటికి అడ్డు నిలుస్తోంది. సందేశం చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు. 1653లో ముద్రణ పొందిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో పిల్లులకు బదులు పోల్‌క్యాట్ అనే అడవి జంతువు కురుస్తుంది. మనం నేడు వాడే రూపం 1738లో జొనాథన్ స్విఫ్ట్ రచనలో కనిపిస్తుంది. లండన్ మురుగుకాలవల్లో కొట్టుకువచ్చే చచ్చిన పిల్లులను, కుక్కపిల్లలను అదే స్విఫ్ట్ 1710లో ఒక కవితలో వర్ణించాడు కనుక జాతీయం అక్కడే పుట్టిందని చెప్పేవారూ ఉన్నారు, కానీ వాన్ కవిత దానికన్నా 59 ఏళ్లు ముందుది. మనం ‘కుండపోత’ అన్నప్పుడు ఏ కుండ ఎక్కడ ఒలికిందని వెతకము. అతిశయోక్తిని అతిశయోక్తిగా చదివే ఆ ఇంగితాన్ని ఇంగ్లీషు మాటల విషయంలో ఎందుకు వదులుకోవాలి?

గడపకు ఇంగ్లీషు మాట ‘థ్రెషోల్డ్’. నేల మీద పరిచిన ‘థ్రెష్’ అనే గడ్డి బయటికి పోకుండా పట్టి ఉంచిన చెక్క కనుక ఆ పేరు వచ్చిందని సందేశం అంటుంది. ఈ మాట వెయ్యేళ్ల నాటి ప్రాచీన ఇంగ్లీషులోనే ఉంది, దీని జ్ఞాతి పదం స్కాండినేవియావారి పాత భాష అయిన ప్రాచీన నార్స్‌లోనూ ఉంది. ‘థ్రెష్’ అంటే తొక్కడం, నూర్చడం. పరిచిన గడ్డి కాదు. ఆనాటి ఇళ్లలో పరిచినది తుంగ, దాని పేరు ‘రష్’. పట్టి ఉంచడమనే అర్థమున్న ‘హోల్డ్’ను కథ అల్లినవారు నేటి వర్ణక్రమాన్ని చూసి చొప్పించారు.

సందేశంలో ఎక్కువగా భయపెట్టేది శ్మశానాల కథ. పూడ్చడానికి చోటు చాలక పాత సమాధులను తవ్వి ఎముకలను వేరే ఇంట్లో దాచేవారని, అలా తీసిన పెట్టెల్లో 25కు ఒకదాని లోపలివైపు గోళ్ల గీతలు కనిపించాయని, బతికినవారిని పూడ్చామని గ్రహించి శవం మణికట్టుకు తాడు కట్టి పైన గంట వేలాడదీశారని, దాన్నుంచి ‘సేవ్డ్ బై ద బెల్’ (చివరి క్షణంలో గట్టెక్కడం), ‘డెడ్ రింగర్’ (అచ్చు గుద్దినట్టున్న పోలిక), ‘గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్’ (అర్ధరాత్రి పనివేళ) మూడూ పుట్టాయని చెబుతుంది. ఎముకల ఇళ్లు ఉండేవన్న మాట నిజం. మిగిలినదానికి ఆధారం లేదు. ఆ శతాబ్దంలో సామాన్యులను ఎక్కువగా గుడ్డలో చుట్టి మట్టిలో పెట్టేవారు. ఊరి చర్చికి చెందిన ఒకే పెట్టె శవాన్ని శ్మశానం దాకా మోయడానికి పనికివచ్చేది. పూడ్చిన పెట్టే లేనప్పుడు గీతలు దేని మీద పడతాయి? గంట అమర్చిన శవపేటికలు తరువాతి కాలపు ఆలోచన. రష్యా చక్రవర్తి కొలువులోని కార్నిస్-కార్నిట్స్కీ అనే ప్రభువు 1897లో అటువంటి పరికరానికి పేటెంటు తీసుకున్నాడు.

‘సేవ్డ్ బై ద బెల్’ బాక్సింగ్ బరిలో పుట్టిన మాట. దెబ్బ తిని పడినవాడు పది అంకెలు లెక్కించేలోగా లేవకపోతే ఓడినట్టే. లెక్క పూర్తికాకముందే రౌండు ముగిసిన గంట మోగితే వాడు బతికిపోయాడు. మూడు నిమిషాల రౌండ్లను స్థిరపరచిన క్వీన్స్‌బెర్రీ నియమాలు 1867 నాటివి, జాతీయం వ్యాప్తి ఆ తరువాతిదే. ‘డెడ్ రింగర్’ గుర్రప్పందేల మోసం నుంచి వచ్చింది. ఒక గుర్రం పేరుతో దాన్నే పోలిన మరో గుర్రాన్ని దించితే అలా దించినదాన్ని 19వ శతాబ్దపు అమెరికాలో ‘రింగర్’ అన్నారు. ‘డెడ్’ అంటే ఇక్కడ అచ్చంగా అని, చావుతో పని లేదు. ‘గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్’ కూడా అదే శతాబ్దం చివరి అమెరికా మాట, అర్ధరాత్రి పనివేళలోని నిశ్శబ్దమే దానికి మూలం.

తిండి సామెతల విషయం త్వరగా చెప్పవచ్చు. అతిథులు వస్తే ఇంటికి పందిమాంసం తేగలిగామని గొప్పకు దాన్ని వేలాడదీసేవారట, అందుకే ‘బ్రింగ్ హోమ్ ద బేకన్’ (గెలిచి రావడం, సంపాదించి తేవడం) అట, చిన్న ముక్క కోసి అందరూ కూర్చుని కొవ్వు నమిలేవారట, అందుకే ‘చ్యూ ద ఫ్యాట్’ అట. కబుర్లాడుకోవడానికి నేడు వాడే ‘చ్యూ ద ఫ్యాట్’ 1885లో, భారతదేశంలోని బ్రిటిష్ సిపాయిల జీవితంపై వచ్చిన పుస్తకంలో నమోదైంది. ‘బ్రింగ్ హోమ్ ద బేకన్’ ప్రచారం 1906 సెప్టెంబరులో నెవాడాలోని గోల్డ్‌ఫీల్డ్‌లో జరిగిన బాక్సింగ్ పోటీతో ముడిపడి ఉంది. గెలిచి రమ్మని జో గాన్స్‌కు అతని తల్లి పంపిన తంతిలో ఆ మాట ఉందని ఆనాటి పత్రికలు రాశాయి. రొట్టె పైపొర గొప్పవారికి దక్కేది కనుక ఉన్నత వర్గాన్ని ‘అప్పర్ క్రస్ట్’ (పైపొర) అన్నారన్న కథ ఒక్కదానిలో కొంత నిజముంది. ప్రభువుల ఇళ్లలో సేవ ఎలా చేయాలో చెప్పే సుమారు 1460 నాటి ఒక గ్రంథం రొట్టె పైపొరను ప్రభువుకు కోసి పెట్టమంటుంది. కానీ ఉన్నత వర్గమనే అర్థం 1830ల దాకా రాలేదు. మధ్యలోని దాదాపు 400 ఏళ్ల మౌనాన్ని కథ పూడ్చలేదు.

సీసపు పాత్రల్లో సారా తాగి స్పృహ తప్పినవాడు లేస్తాడేమోనని ఇంటిల్లిపాదీ కనిపెట్టుకుని ఉండడమే ‘వేక్’ అన్న వాదన తెలుగువాడు అసలే నమ్మకూడనిది. మృతుని దగ్గర రాత్రంతా మేలుకుని ఉండడం అది. మన జాగారం వంటి మాట. లేచేది శవం కాదు, మేలుకునేది బంధువులు.

చివరిది స్నానం నీళ్లతో పాటు పసిబిడ్డను పారబోయడం, అంటే పనికిరానిదాన్ని వదిలించుకునే తొందరలో విలువైనదాన్నీ పోగొట్టుకోవడం. ఇంటివాళ్లందరూ ఒకే తొట్టిలో వరుసగా స్నానం చేయగా, చివరి వంతు పసివాడిదయ్యేసరికి నీళ్లలో మనిషి కనిపించనంత మురికి చేరేదని సందేశం అంటుంది. మొత్తం జాబితాలో 1500ల కాలానికి నిజంగా చెందిన జాతీయం ఇదే కావడం విశేషం, కానీ దాని ఊరు ఇంగ్లండు కాదు. థామస్ మర్నర్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1512లో స్ట్రాస్‌బర్గ్‌లో ప్రచురించిన జర్మన్ వ్యంగ్యకావ్యంలో, మూర్ఖుల లక్షణాల్లో ఒకటిగా, బిడ్డతో సహా తొట్టి ఒంపుతున్న స్త్రీ బొమ్మతో సహా అది కనిపిస్తుంది. అప్పటికే అది బుద్ధిహీనతకు చెప్పిన ఉపమానం, ఏ ఇంట్లోనూ జరిగిన ప్రమాదం కాదు. ఇంగ్లీషు పాఠకులకు థామస్ కార్లైల్ 1849లో ఒక వ్యాసంలో దాన్ని పరిచయం చేస్తూ, ఇది జర్మన్లు చెప్పే మాట అని ముందే చెప్పాడు.