ఊరకే ఉంటే ఎం.ఏ.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గురించి ఎవరు పరిచయం రాసినా ఒకే తీరున మొదలుపెడతారు. అది ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదట. 1096 నాటికే అక్కడ పాఠాలు సాగేవట. 1167లో ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ తన ప్రజలు పారిస్‌ వెళ్లి చదవకూడదని ఆంక్ష పెట్టాక జోరందుకుందట. పుట్టిన తేదీ చెప్పలేకపోతే మనిషికి తంటా, ఆక్స్‌ఫర్డ్‌కు మాత్రం కిరీటం.

సరే, తాతలు తాగిన నేతుల సంగతి అలా ఉంచుదాం. నాకు మింగుడుపడనిది అక్కడి ఎం.ఏ.

బి.ఏ. పూర్తిచేసినవారు, తొలుత చేరిన నాటి నుంచి 21 టర్ములు, అంటే ఏడేళ్లు, గడిస్తే ఎం.ఏ.కు అర్హులు. పరీక్ష లేదు, పరిశోధన లేదు, గ్రంథాలయం గడప తొక్కే పని లేదు. ప్రాణాలతో ఉండి దరఖాస్తు పెట్టుకుంటే చాలు. చదివినదంతా మరచిపోవడానికి ఏడేళ్లు బాగానే సరిపోతాయి. మరచిపోయారో లేదో తేల్చుకోవడానికైనా ఒక పరీక్ష పెట్టరు.

పూర్వం ఇంత సులువుగా ఉండేది కాదు లెండి. ఒక ప్రమాణం చేయాల్సి వచ్చేది. 1242లో హెన్రీ సిమియోనిస్ అనే ఆక్స్‌ఫర్డ్ పట్టణవాసి ఒక విద్యార్థి హత్య కేసులో దోషిగా తేలాడు. 1264లో రాజు మూడవ హెన్రీ అతణ్ణి క్షమించి ఊళ్లోకి రానివ్వమన్నాడు. విశ్వవిద్యాలయానికి ఒళ్లు మండింది. మండడం న్యాయమే. ఆ మంటలో, ఎం.ఏ. అయ్యే ప్రతివాడూ ఈ హెన్రీ సిమియోనిస్‌తో రాజీకి ఎన్నటికీ ఒప్పుకోనని ఒట్టు పెట్టాలని నిబంధన చేసింది. హెన్రీ పోయాడు, క్షమించిన రాజూ పోయాడు. అచ్చుయంత్రం వచ్చింది, అమెరికా కనబడింది, మరో రాజు తల తెగింది. ఒట్టు మాత్రం నిలిచే ఉంది. గౌను వేసుకున్న కుర్రాడు ముందుకొచ్చి, గంభీరంగా, హెన్రీతో రాజీ పడనని లాటిన్‌లో పలికేవాడు. ఆ హెన్రీ ఎవరో అతనికి తెలియదు, వెనుక నిలబడినవాడికి తెలియదు, ప్రమాణం చేయించే పెద్దాయనకూ తెలియదు. ముఖం తెలియని మనిషి మీద ఎంత నిష్ఠగా పగ! 1650ల తొలినాళ్లలో ఎవరో బుద్ధిమంతుడు దీన్ని ఎత్తేద్దామంటే కుదరదన్నారు. చివరికి 1827లో ఎత్తేశారు.

శవంతో అయిదు వందల అరవై ఏళ్లు పోట్లాడేంత జ్ఞాపకశక్తి ఉన్న ఈ సంస్థకు, తన గదుల్లో కూర్చుని చదివిన ఆడపిల్లలు మాత్రం గుర్తుకు రాలేదు. 1879లోనే వారికి వేరే కళాశాలలు తెరిచారు. పాఠాలు విన్నారు, పరీక్షలు రాశారు, నెగ్గారు. పట్టా మాత్రం 1920 దాకా లేదు. మన తొలితరం మహిళా న్యాయవాది కొర్నేలియా సొరాబ్జీ 1892లో న్యాయశాస్త్ర పరీక్ష రాసింది. కూర్చోనివ్వడానికే ప్రత్యేక తీర్మానం కావలసి వచ్చింది. పాతికేళ్ల వయసులో రాసిన ఆ పరీక్షకు పట్టా చేతికందింది 1922లో, యాభై దాటాక. ఏమీ రాయని మగవాడికి ఏడేళ్లు, రాసి నెగ్గిన ఆడమనిషికి ముప్పై ఏళ్లు! దీన్ని సంప్రదాయమని మురిసిపోయేవారికి సిగ్గుండాలి. అది దొంగతనం. ఒక మనిషి నడివయసంతా కాజేసి, చివర్లో వేడుక చేసి కాగితం చేతిలో పెట్టడం.

పైగా పట్టాలిచ్చిన ఏడేళ్లకు, 1927లో, విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లు ఇంతకు మించకూడదని హద్దు గీశారు. అది 1957 దాకా చెరగలేదు.