‘గ్యాస్’ అనే మాటను పక్కన పెడదాం

గత వేసవిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. భోజనమైన గంటకల్లా కడుపు పట్టుకుని కూర్చునేది. అడిగితే “ఏమీ లేదురా, గ్యాస్” అనేది. డాక్టరు దగ్గర నేనూ ఆ మాటే చెప్పాను. అమెరికాలో డాక్టరుకు గ్యాస్ అంటే కడుపులో చేరిన గాలి మాత్రమే. ఆయన దానికే మాత్ర రాశారు. మూడు వారాల తరువాత ఒక రాత్రి ఆగని వాంతులతో అత్యవసర విభాగానికి తీసుకువెళ్తే, స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి.

అక్కడ ఫోనులో ఒక తెలుగు అనువాదకురాలు దొరికారు. “నొప్పి ఎక్కడికైనా పాకుతోందా అమ్మా?” అని అడిగారామె. “కుడి భుజం వెనక్కి” అంది అమ్మ. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. నేను అడగలేదు. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇలాంటి సహాయం ఉచితంగా ఇవ్వాలని ఇక్కడి చట్టం. కొడుకు ముందు తల్లి మలం రంగు గురించి చెప్పదు. ఖర్చుకు భయపడి సగం బాధ దాచుకుంటుంది. అందుకే మనం ఎంత బాగా ఇంగ్లీషు మాట్లాడినా అనువాదకులను అడగాలి.

నిజానికి మన భాషలో కడుపు బాధకు ఎన్ని మాటలున్నాయో! మంట, పోటు, నులినొప్పి, ఉబ్బరం, పులితేన్పులు, వికారం. డాక్టరుకు ఒక్కొక్కటీ ఒక్కో దారి చూపుతుంది. ఖాళీ కడుపుతో మంట మొదలై, తింటే తగ్గితే పుండు ఉందేమో చూడాలి. పాలు తాగాక ఉబ్బరం, విరేచనాలు అయితే పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడటం లేదేమో. నడిచినప్పుడు పైకడుపులో బరువుగా ఉండి చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు, క్షణం ఆలస్యం చేయకూడదు. నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగలేకపోవడం కూడా ఉపేక్షించేవి కావు.

సూట్‌కేసుల్లో మనం తెచ్చుకునే పాంటాప్రజోల్ అనే, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్రల గురించి కూడా చెప్పాలి. కడుపులో పుండ్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దాన్ని కనుగొన్నందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. భారతదేశంలో పెరిగినవారిలో ఇది చాలా ఎక్కువ. శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో తేలుతుంది, యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. కానీ పాంటాప్రజోల్ వాడుతూ పరీక్ష చేయించుకుంటే బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. డాక్టరుతో చెప్పి రెండు వారాల ముందు ఆపాలి. నెలల తరబడి ఆ మాత్ర మింగుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఆయన దేన్ని వెతకగలరు?

మన సంఘం ఆరోగ్య శిబిరానికి వచ్చే పెద్దలకు ఒక తెలుగు కాగితం ఇవ్వాలని నా కోరిక. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, తిన్నాకా తినకముందా, ఎటు పాకుతోంది, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్నలు, పక్కనే ఇంగ్లీషులో వాటి అర్థం. వచ్చే శిబిరానికి అచ్చు వేయించే ఖర్చు నేను భరిస్తాను.