బ్రీకిన్ సిటీని చూసి నవ్వేవాళ్లకు

ఫుట్‌బాల్‌లో అతి చెత్త సీజన్లు అని ఎవరు లిస్టు వేసినా అందులో స్కాట్లాండ్ క్లబ్ బ్రీకిన్ సిటీ ఆడిన 2017-18 సీజన్ ఉంటుంది. కింద వరసగా నవ్వే ఎమోజీలు. స్కాట్లాండ్ రెండో డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌లో 36 మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. 32 ఓటములు, 4 డ్రాలు, చివరికి 4 పాయింట్లు. ఈ అంకెలన్నీ నిజమే. నాకు ఒళ్లు మండేది ఆ నవ్వులు చూసే.

బ్రీకిన్ యాంగస్ ప్రాంతంలో దాదాపు 7,000 మంది ఉండే ఊరు. వాళ్ల గ్లీబ్ పార్క్‌లో ఒక పక్క గోడ కాదు, ఏపుగా పెరిగిన చెట్ల కంచె ఉంటుంది. ఆటగాళ్లు పార్ట్‌టైమ్. పొద్దంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. ఎదుట ఎవరు? సెయింట్ మిరెన్, డన్‌ఫర్మ్‌లిన్, ఇన్వర్నెస్, 1987లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్ దాకా వెళ్లిన డండీ యునైటెడ్! పది జట్ల లీగ్ కాబట్టి ఒక్కొక్కరితో నాలుగేసి సార్లు తలపడాలి. ఆటే ఉద్యోగమైన జట్లతో వారం వారం ఢీకొనడం ఎంత కష్టమో నవ్వేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

పోనీ ఆ లీగ్‌లోకి దొడ్డిదారిన వచ్చారా? లేదు. అంతకుముందు ఏడాది మూడో డివిజన్ అయిన లీగ్ వన్‌లో నాలుగో స్థానంలో నిలిచి, పైకెళ్లేదెవరో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌లో అలోవాని పెనాల్టీల్లో ఓడించి వచ్చారు. నాలుగో స్థానం వాళ్లకి పైకెళ్లే అవకాశం ఇచ్చింది లీగ్ నిబంధనలే. అలా ఇచ్చినప్పుడు, పైకొచ్చిన పార్ట్‌టైమ్ క్లబ్ నిలదొక్కుకోవడానికి ఒకటి రెండేళ్లయినా అదనంగా డబ్బు సాయం చెయ్యాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మాట. ఒక్క గెలుపు లేకపోయినా మేనేజర్ డారెన్ డాడ్స్‌ని సీజన్ పూర్తయ్యేదాకా క్లబ్ తీసెయ్యలేదు. నాలుగు మ్యాచ్‌లు పోగానే కోచ్‌ని పీకెయ్యమని గోల చేసే ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. నాకు ఆ సీజన్‌లో అన్నిటికంటే నచ్చింది అదే.

తర్వాత దెబ్బ మీద దెబ్బ తగిలింది. 2018లో కిందికి, 2019లో ఇంకా కిందికి. 2021లో కెల్టీ హార్ట్స్ చేతిలో ఓడి స్కాట్లాండ్ లీగ్‌లోని నాలుగు డివిజన్ల నుంచే బయటపడి, వాటి కింద ఉండే ప్రాంతీయ పోటీ హైలాండ్ లీగ్‌కి చేరారు. క్లబ్ మూత పడలేదు. 2023లో ఆ హైలాండ్ లీగ్‌ని గెలిచారు. 4 పాయింట్ల పట్టికని ఏటా తవ్వి తీసి షేర్ చేసేవాళ్లలో ఎంతమంది ఆ గెలుపుని షేర్ చేశారు?