మిగతా సగం ఎవరు రాశారు?

‘సగమే చెప్పారు, మిగతా సగం దాచారు.’ ఫోన్‌లో ఇలా మొదలయ్యే మెసేజ్ వస్తే చదవకుండా వదిలేసేవాళ్లు తక్కువ. ఇన్నాళ్లూ ఎవరో మనల్ని మోసం చేశారన్న కోపం, ఇప్పుడు అసలు సంగతి మనకు తెలిసిపోయిందన్న సంతోషం రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఆ బాపతు మెసేజ్‌లలో ఒకటి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ‘అహింసా పరమో ధర్మః’ సగం శ్లోకమేనట, దాని తర్వాత ‘ధర్మహింసా తథైవ చ’ అని ఉందట, గాంధీ కావాలనే ఆ రెండో ముక్కను మింగేశాడట. కథ అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయను. ఆ రెండో ముక్క మహాభారతంలో లేదు. ఏ పర్వంలోనూ లేదు.

మొదటి ముక్క మాత్రం ఒకటికి మించిన చోట్లే ఉంది. ఆదిపర్వంలో రురుడి కథ గుర్తుందా? పెళ్లాడబోయే ప్రమద్వరను పాము కాటేస్తుంది. తన ఆయుష్షులో సగం ఇచ్చి ఆమెను బతికించుకున్నా రురుడికి కోపం చల్లారదు. కనిపించిన పామునల్లా కొట్టి చంపుతూ తిరుగుతాడు. ఒకరోజు విషం లేని ముసలి డుండుభం ఒకటి ఎదురుపడి, నేను నీకేం చేశానని అడుగుతుంది. అహింస పరమ ధర్మమని అతనికి చెప్పేది ఆ పామే. అరణ్యపర్వంలో ఇదే మాట ధర్మవ్యాధుడి నోట వస్తుంది. ఆయన మిథిలలో మాంసం అమ్ముకుని బతికే మనిషి. ఇక అనుశాసనపర్వంలో అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు, అదీ మాంసం తినొచ్చా కూడదా అన్న చర్చలో. పాములు, మాంసం. ఈ మూడు చోట్లా సందర్భం అదే. దేశరక్షణ, శత్రుసంహారం ఊసే లేదు.

భీష్ముడి శ్లోకం ఇలా నడుస్తుంది: ‘అహింసా పరమో ధర్మస్తథాహింసా పరో దమః, అహింసా పరమం దానమహింసా పరమం తపః’. అహింసే గొప్ప ధర్మం, అహింసే గొప్ప నిగ్రహం, అహింసే గొప్ప దానం, గొప్ప తపస్సు. అక్కడితో ఆగకుండా గొప్ప యజ్ఞం, గొప్ప బలం, గొప్ప మిత్రుడు, గొప్ప సుఖం అంటూ ముందుకు పోతుంది. ‘తథాహింసా’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. తథా, అహింసా కలిస్తే తథాహింసా. బడిలో చదువుకున్న సవర్ణదీర్ఘ సంధే. దాన్ని ‘తథా హింసా’ అని విడగొట్టుకున్న మహానుభావుడెవరో ఈ గొడవకు మూలపురుషుడు అయ్యుంటాడని నా ఊహ. ఊహ అంటే ఊహే, రుజువు అనడం లేదు.

ఇంత పెద్ద గ్రంథంలో ఒక మాట లేదని అంత ధీమాగా ఎలా చెబుతారని అడగొచ్చు. పాతికేళ్ల కిందటైతే ఆ ప్రశ్నలో బలం ఉండేది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 నాటికి మహాభారతం సంశోధిత ప్రతిని పూర్తి చేసింది. దేశం నలుమూలల నుంచి, రకరకాల లిపుల్లో ఉన్న వెయ్యికి పైగా వ్రాతప్రతులను ముందు పెట్టుకుని, ఎక్కడ ఏ మాట తేడాగా ఉందో పేజీ అడుగున రాసుకుంటూ పోయారు. ఆ పని నడిపిన విష్ణు సుఖ్తంకర్ మధ్యలోనే, 1943లో చనిపోయారు. తర్వాతి వాళ్లు అందుకున్నారు. 70 వేలకు పైగా శ్లోకాలున్న ఆ పాఠాన్ని జపాన్‌లోని క్యోటోలో తొకునాగ అనే ఆచార్యుడు కంప్యూటర్‌లోకి ఎక్కించారు, కేంబ్రిడ్జ్‌లో జాన్ స్మిత్ దాన్ని సరిచూశారు. ఇప్పుడది ఉచితంగా దొరుకుతుంది. మాట కొట్టి వెతికితే నిమిషం పట్టదు. ఒకటికి రెండు చూసుకుందామంటే గోరఖ్‌పూర్ గీతాప్రెస్ ప్రతి ఉండనే ఉంది. అందులోనూ ఆ ముక్క లేదు. మెసేజ్ చదివి, నలుగురికి పంపడానికి పట్టే సమయంలో ఈ పని అయిపోతుంది.

మాట మారితే ఒక్కోసారి చెవే పట్టేస్తుంది. గురజాడ గేయంలో ‘సొంత లాభం కొంత మానుకు’ అన్న చరణాన్ని చాలామంది ‘మానుకొని’ అంటారు. ముత్యాలసరం నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ‘మానుకు’ నాలుగు మాత్రలు, ‘మానుకొని’ అయిదు. పాడి చూస్తే అక్కడ కాలు తడబడుతుంది. అర్థం చెడలేదు కాబట్టి పెద్ద నేరమేమీ కాదు. నేనూ ఆ తప్పు చేసినవాణ్నే. కానీ అహింస శ్లోకానికి తగిలించిన తోక దగ్గర చెవి పనిచేయదు. ఎందుకంటే ‘ధర్మహింసా తథైవ చ’ సరిగ్గా ఎనిమిది అక్షరాలు. శ్లోకాల ఛందస్సు అనుష్టుప్పులో ఒక పాదం. ‘తథైవ చ’ అయితే పాదం నిండకపోతే ఎవరైనా వాడుకునే మాట, పురాణాల్లో కొల్లలు. అందుకే అతుకు కనపడదు. కట్టినవాడు ఎవరోగానీ పని తెలిసినవాడే.

పని తెలిసినా సమాసం దగ్గర కాలు జారాడు. జీవహింస అంటే ఏమిటి? జీవులను హింసించడం. పశుహింస అంటే పశువులను హింసించడం. మరి ధర్మహింస అంటే? ధర్మం కోసం చేసే హింస అని మెసేజ్ చెబుతుంది. మన చెవికి అలవాటైన లెక్కలో మాత్రం అది ధర్మాన్ని హింసించడం. అహింస పరమ ధర్మం, ధర్మాన్ని హింసించడమూ అంతే! శ్లోకాన్ని కాపాడటానికి బయల్దేరినవాళ్లు దాని చేత ఈ మాట అనిపించారు.

నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది వేరే ఉంది. వీళ్లకు కావలసిన వాదన అసలు గ్రంథంలోనే ఉంది. డుండుభం రురుడికి అహింస చెప్పి ఊరుకోదు. ఇది బ్రాహ్మణుడివైన నీ ధర్మం, దండం పట్టడం, కఠినంగా ఉండటం, ప్రజలను పాలించడం క్షత్రియుడి ధర్మం, అది నీకు తగదు అంటుంది. అంటే రాజ్యానికి దండం అవసరమని ఆ చోటనే, ఆ నోటితోనే చెప్పారు. ధర్మవ్యాధుడు ఇంకా లోతుకు పోతాడు. దున్నేటప్పుడు నాగలి కింద ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూడమంటాడు. నడిచే కాలి కింద, తినే గింజలో ప్రాణం లేదా అంటాడు. బాగా ఆలోచిస్తే ఈ లోకంలో హింస చేయనివాడు ఒక్కడూ లేడని తేల్చేస్తాడు. కసాయి అంగడి నడిపే మనిషి, వేదం చదివిన కౌశికుణ్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలివి. పోనీ భీష్ముడు? పద్దెనిమిది రోజుల యుద్ధంలో పది రోజులు సేనాపతిగా ఉండి, ఒళ్లంతా బాణాలతో పడుకుని, గెలిచినవాడికి అహింస బోధిస్తున్నాడు. ఈ దృశ్యం ముందు ఎనిమిది అక్షరాల తోక ఎంత చిన్నదో చూడండి. అహింసకూ రాజధర్మానికీ మధ్య ఉన్న ముడిని వ్యాసుడు పద్దెనిమిది పర్వాలు రాసినా విప్పలేదు. వాట్సాప్ ఒక్క పాదంతో విప్పేసింది.

భావం ముఖ్యం గానీ అక్షరాలు పట్టుకుని వేలాడటమేమిటని కొందరంటారు. నోటి మీద బతికే మాట మారుతూనే ఉంటుందని, సామెతలన్నీ అలా పుట్టినవేనని వాళ్ల వాదన. సామెతల వరకు ఒప్పుకుంటాను. సామెతకు సొంతదారు లేడు, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు మలుచుకోవచ్చు. వివేకానందుడు కఠోపనిషత్తులోని ‘ఉత్తిష్ఠత జాగ్రత’ను తీసుకుని ‘గమ్యం చేరేదాకా ఆగవద్దు’ అని తన మాట కలిపారు. ఉపనిషత్తు అయితే పెద్దల దగ్గరికి వెళ్లి తెలుసుకోమంటుంది. అయినా తప్పు పట్టను. అది ఆయన చెప్పిన తీరు, ఆయన పేరు మీదే నడుస్తోంది. తన మాట రాసి, కింద వ్యాసుడి సంతకం పెట్టడం వేరు. ఆస్తి దస్తావేజు మీద ఆ పని చేస్తే ఫోర్జరీ అంటాం.

చిక్కేమిటంటే, కొన్నిసార్లు మిగతా సగం నిజంగానే ఉంటుంది. ‘మతం మత్తుమందు’ అని మార్క్స్ అన్నాడని అనుకూలురూ వ్యతిరేకులూ కూడా వాడుకుంటారు. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో దానికి ముందున్న వాక్యం, మతం పీడితుల నిట్టూర్పు అనీ హృదయం లేని లోకానికి హృదయం అనీ చెబుతుంది. అది చదివాక మత్తుమందు అన్న మాట తిట్టులా వినిపించదు, నొప్పికి వాడే మందులా వినిపిస్తుంది. ‘ధర్మో రక్షతి రక్షితః’ ముందు ‘ధర్మ ఏవ హతో హంతి’ అని ఉంది, మనం చంపిన ధర్మమే మనల్ని చంపుతుందని. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో అది న్యాయసభలో కూర్చుని తీర్పు చెప్పేవాళ్లకు చేసిన హెచ్చరిక. గోడల మీద రాసుకునేది రెండో సగమే. ‘కర్మణ్యేవాధికారస్తే’ చివరి పాదం, పని మానేయడం మీద మమకారం వద్దంటుంది. అదెవరికీ గుర్తుండదు. ఇవన్నీ నిజమైన మిగతా సగాలు. నిజమైనదీ అతికించినదీ చెవికి ఒకేలా వినిపిస్తాయి. తేడా తెలియాలంటే తెరిచి చూడటమొక్కటే దారి.

అసలు సగం కూడా లేని మాటలున్నాయి. ‘నీ అభిప్రాయంతో ఏకీభవించను, కానీ అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను’ అనే వోల్టేర్ మాట వాడని తెలుగు కాలమిస్టు లేడు, నాతో సహా. వోల్టేర్ 1778లో పోయాడు. ఆ వాక్యం 1906లో ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అనే ఆంగ్ల రచయిత్రి, ఆయన వైఖరిని తన మాటల్లో చెబుతూ రాసింది. గాంధీ విషయానికే వద్దాం. ‘లోకంలో చూడాలనుకునే మార్పు నువ్వే కావాలి’ అన్నది ఆయన రచనల్లో ఎక్కడా ఆ రూపంలో లేదు. దానికి దగ్గరగా ఉన్నది 1913లో దక్షిణాఫ్రికాలో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికకు రాసిన ఆరోగ్య వ్యాసాల్లో ఉంది. మనం మారితే లోకపు పోకడలూ మారతాయి, ఇతరులు ఏం చేస్తారో అని ఎదురుచూడనక్కర్లేదు అన్నారు. దేని గురించి రాస్తూ అన్నారో తెలుసా? పాముకాటు గురించి. డుండుభం మళ్లీ ఎదురుపడినట్టే ఉంది.

ఇక్కడ నాకు ఎప్పటి నుంచో ఉన్న గోడు ఒకటి చెప్పాలి. మనం ఏదైనా బాగా తెలిసినవాణ్ని ఘనాపాఠి అంటాం. ఆ మాట ఎక్కడిది? వేదాన్ని ఘనంలో చెప్పగలిగినవాడు ఘనాపాఠి. మొదటి పదం రెండోది, రెండోది మొదటిది, మళ్లీ ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ఇలా ప్రతి పదాన్నీ ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పేది గొప్పకు కాదు, కాపలాకు. పద, క్రమ, జట, ఘన పాఠాలన్నీ ఒక్క అక్షరం జారిపోకుండా, ఒక్క అక్షరం దూరకుండా వేసిన తాళాలు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, శబ్దాన్ని (ఒకరు చెప్పిన మాటను) ప్రమాణంగా ఒప్పుకుంటూనే, ‘ఆప్తోపదేశః శబ్దః’ అని షరతు పెట్టారు. నమ్మదగినవాడు చెప్తేనే ప్రమాణం. ఎవరు చెప్పారో తెలియని మాటకు ఆ గౌరవం లేదు. ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చొప్పించినది), పాఠభేదం (ప్రతికీ ప్రతికీ ఉన్న తేడా) అన్న మాటలు మన పండితులకు కొత్త కాదు, వ్యాఖ్యానాల నిండా అవే. బ్రౌన్ వేమన పద్యాలకు ఊరూరా ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి 1829లో అచ్చు వేయించాడు. చివర ‘విశ్వదాభిరామ’ మకుటం తగిలించి ఎవరైనా పద్యం చెప్పేయగలరన్న సంగతి ఆనాడే తెలుసు కాబట్టి.

ఆ కాపలా ఇప్పుడేమైంది? పుస్తకాల షాపుకు వెళ్తే సూక్తుల పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. ఒక్క సూక్తి కింద కూడా ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని ఉండదు, పేరొక్కటే ఉంటుంది. పురాణాలకు తెలుగు వచనాలు వేసేవాళ్లు ఏ ప్రతిని అనుసరించారో ముందుమాటలో ఒక్క వాక్యం రాయరు, వెనక శ్లోకాల సూచిక వేయరు. పాఠ్యపుస్తకంలో పద్యం ఇచ్చి, కవి పేరు ఇచ్చి, సందర్భం దగ్గర చేతులు దులుపుకుంటారు. పరీక్షలో మాత్రం సందర్భసహిత వ్యాఖ్య రాయమంటారు! సంప్రదాయం మాది అని బల్ల గుద్దేవాళ్లలో ఆ సంప్రదాయం నేర్పిన పని చేసేవాళ్లు ఎందరు? అక్షరం కోసం ప్రాణం పెట్టిన వాళ్ల వారసులమని చెప్పుకుంటూ, ఊరూ పేరూ లేని పాదాన్ని వ్యాసుడికి అంటగడుతున్నారు. ఇది గాంధీకి జరిగిన అన్యాయం అనుకుంటున్నారేమో, ముందు అన్యాయమైంది వ్యాసుడికి.

మా బంధువుల గ్రూపులో ఆ మెసేజ్ మొన్న మళ్లీ వచ్చింది. పెట్టినాయన రిటైరైన తెలుగు మాస్టారు, నాకు బాబాయి వరస. ‘బాబాయ్, ఆ రెండో పాదం భారతంలో లేదు. మొదటిది ఆదిపర్వం, అరణ్యపర్వం, అనుశాసనపర్వాల్లో ఉంది, చూడండి’ అని మర్యాదగానే రాశాను. నమస్కారం గుర్తు పెట్టారు. వారం తిరక్కుండా అదే శ్లోకం, అదే తోక, వెనక కొత్తగా సుదర్శన చక్రం బొమ్మతో వేరే గ్రూపులోంచి నా దగ్గరికే వచ్చింది. ఈసారి కింద ‘మహాభారతం, అనుశాసనపర్వం’ అని కూడా ఉంది.