సావిత్రి గొంతు మనదే, మరి హీరోయిన్ గొంతు ఎవరిది?

కోరుట్లలో మా పెద్దమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఆ రోజు లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తేది కాదు. ఇంట్లో టీవీ నడుస్తూనే ఉండేది కానీ ఆమె దాన్ని చూసేది కాదు, వినేది. సీరియల్ వస్తే వచ్చింది, పోతే పోయింది. తెలంగాణ యాసలో వచ్చే తీన్మార్ వార్తల్లో, సావిత్రి పేరుతో మాట్లాడే శివజ్యోతి గొంతు వినబడితే మాత్రం కత్తెర ఆగేది. "అగో, సావిత్రి అచ్చింది, జర సౌండ్ పెంచు బిడ్డా" అనేది.

చాలామంది శివజ్యోతి అనగానే బిగ్ బాస్ గురించి మాట్లాడతారు. నాకు ఆమె ముందు ఒక గొంతు, ఆ తర్వాతే ముఖం. నిజామాబాద్ జిల్లా పల్లె నుంచి వచ్చి, వీ6 ఛానల్‌లో సావిత్రి పేరుతో కూర్చుని, వాడకట్టులో అరుగు మీద మాట్లాడినట్టే వార్త చెప్పింది. వార్త అంటే ఇస్త్రీ చేసిన భాషలోనే చదవాలని అప్పటిదాకా అందరం అనుకున్నాం కదా. ఆమె మాట చివర అచ్చును కొంచెం సాగదీసి, అక్కడ ఒక్క క్షణం ఆగి, తర్వాతి మాటను టక్కున వేసేది. బీడీలు చుట్టే మనిషికి, వంట చేసుకునే మనిషికి, అంటే తెర వైపు చూసే తీరిక లేనివాళ్లకు కూడా నవ్వు అందేది అందుకే. కళ్లు, చేతులు, హావభావాలు ఏవీ లేకున్నా ఆ కామెడీ నిలబడుతుంది. డబ్బింగ్ వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసి పట్టుకునే విద్య అది.

అదే తీన్మార్ వార్తల్లో నవ్వించే పాత్ర బిత్తిరి సత్తితో ఆమె జోడీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. జనానికి గుర్తున్నది సత్తి తిక్క సమాధానాలే. కానీ ఆ సమాధానం పేలాలంటే ముందు ఒకరు ప్రశ్నను సరిగ్గా అడగాలి, నవ్వు ఆపుకోవాలి, అవతలివాడు దారి తప్పితే కసిరి మళ్లీ దారిలో పెట్టాలి. ఇవన్నీ చేసింది సావిత్రి. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఎంత గొప్పవాడైనా పక్కన వంత పలికేవాడు సరైనోడు కాకపోతే కథ చల్లబడిపోతుంది, ఇదీ అంతే.

మరి ఆ తర్వాత ఏమైంది? అదే కార్యక్రమం నుంచి పేరు తెచ్చుకున్న తీన్మార్ మల్లన్న 2024లో మన వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం నుంచే ఎమ్మెల్సీ అయ్యాడు. సత్తిగా చేసిన రవికుమార్ 2019లో సినిమా హీరో అయ్యాడు. అదే 2019లో శివజ్యోతి బిగ్ బాస్ మూడో సీజన్‌కి వెళ్లింది, అక్కడ ఏడ్చినందుకు జనం ఆమెను ఆడిపోసుకున్నారు. రోజూ రాత్రి గట్టిగా మాట్లాడి నవ్వించిన ఆడమనిషి ఏడిస్తే మనం తట్టుకోలేకపోయాం. సావిత్రి అనేది ఒక పాత్ర అని, ఆ పాత్రను ఒకామె రోజూ కష్టపడి పోషించిందని అప్పటికీ మనకు తట్టలేదు. ఆమె నటించిందని ఒప్పుకోకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయంగా అనిపిస్తుంది. "వాళ్ల ఊరి భాష మాట్లాడింది, అందులో నటనేముంది" అని నాతోనే ఎంతమంది అన్నారో!

ఆమెకంటే ముందు సినిమాల్లో తెలంగాణ ఆడగొంతు అంటే తెలంగాణ శకుంతల. మహారాష్ట్రలో పుట్టిన మనిషి, మన ప్రాంతం పేరే ఆమెకు ఇంటిపేరు అయింది. ఆ గొంతులో ఉన్న దమ్ము ఎంతమంది మగ విలన్లకు ఉంది? కానీ ఆమెకు ఎక్కువగా దక్కినవి గయ్యాళి పాత్రలు, కేకలేసే పాత్రలు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, 14న ఆమె పోయింది. కొత్త రాష్ట్రంలో ఆ గొంతు ఇంకేం పలికేదో చూసే అవకాశం మనకు లేకుండాపోయింది.

హీరోయిన్ ఇలా తెలంగాణ యాసలో మాట్లాడితే జనం చూడరు అనేవాళ్లకు 2017లో ఫిదా సినిమా జవాబు చెప్పింది. బాన్సువాడ అమ్మాయిగా సాయి పల్లవి, తెలుగు ఆమె మాతృభాష కాకపోయినా, సొంత గొంతుతో మన యాస పలికింది, జనం నెత్తిన పెట్టుకున్నారు. యాసతో ప్రేమ కూడా చెప్పొచ్చు, అలగొచ్చు, గుండె పగిలేలా ఏడవొచ్చు అని అక్కడే తేలిపోయింది. అయినా సాయంత్రం ఏ సీరియల్ పెట్టినా కోడలు ఒక భాష, పనిమనిషి ఒక భాష.

హన్మకొండలో మాకు చెల్లె వరుస అమ్మాయి ఉంది. చిన్నప్పటి నుంచి అందరి గొంతులూ దించేది, ముసలవ్వ, కండక్టర్, హెడ్మాస్టర్, ఎవరైనా సరే. మేడారం జాతర టైంలో ఒక ప్రచార ఆటోకి మైకు మాట రికార్డు చేసింది, వారం రోజులు చౌరస్తా అంతా ఆమె గొంతే. ఆ ధైర్యంతోనే హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోకి పోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, తెరమీద పెదాలు చూపించి, నాలుగు డైలాగులు చెప్పమన్నారు. సింక్ బాగుంది అన్నారు, గొంతూ బాగుంది అన్నారు. "కొంచెం నార్మల్‌గా చెప్పమ్మా" అన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ నార్మల్‌గా అన్నారు. తను పుట్టినప్పటి నుంచి మాట్లాడేదే తనకు నార్మల్ అని ఆ గాజు గది లోపల నిలబడి ఎట్లా చెప్పాలో ఆ పిల్లకు తెలియలేదు. బస్సెక్కి ఇంటికి వచ్చేసి, మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత నాలుగు నెలలు అద్దం ముందు నిలబడి ఆ నార్మల్ భాష నేర్చుకుంది. పోయిన నెల అక్కడి నుంచే ఫోన్ వచ్చింది, ఒక సీరియల్‌లో పాత్ర ఉందట. ఇల్లు ఊడ్చే మనిషి పాత్ర. యాస బాగా ఉండాలి అన్నారట.