దొంగతనం కేసుల్లో "ఒప్పుకో, అయిపోతది" అనే సలహా ఇవ్వకండి

నల్లగొండ కోర్టు వరండాలో వినబడితే, వకీలునైన నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "ఒప్పుకో బిడ్డా, జైల్ల ఉన్న దినాలే శిక్ష కింద పోతయి, ఇయ్యాల్నే ఇంటికి పోదువు." చెప్పేది ఎవరో పగవాళ్లు కాదు. ఊరి పెద్దమనిషి, మేనమామ, ఒక్కోసారి కన్నతండ్రి. కూలీ పోతుంది, వాయిదా వాయిదాకు బస్సు కిరాయిలు, కేసు ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఒక్క మాటతో పీడ వదిలితే మేలే కదా అనుకుంటారు. వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాటతో ఆ రోజు వాయిదా ఒక్కటే తెగుతుంది. రికార్డుల్లో మాత్రం ఆ పిల్లగాడు శిక్ష పడిన దొంగగా మిగిలిపోతాడు.

2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఈ సలహా ఇంకా ప్రమాదమైంది. సెక్షన్ 303 ప్రకారం మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. సొమ్ము విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్న మనిషి ఆ సొమ్మో దాని విలువో తిరిగిస్తే, జైలు లేకుండా సమాజ సేవతో పోతుంది. అదే రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్లు కఠిన జైలు. అంటే మొదటి శిక్ష పడిందా లేదా అన్నదాని మీదే తర్వాత బతుకంతా ఆధారపడి ఉంది. దాన్ని వరండాలో నిలబడి బస్సు టైమ్ చూసుకుంటూ ఒప్పేసుకుంటున్నారు. తర్వాత ఊళ్లో ఎక్కడ మేక పోయినా, బైక్ పోయినా ముందుగా ఎవరి ఇంటికి వస్తారో నేను చెప్పాలా?

"చేసిండు కాబట్టే కదా దొరికిండు" అంటారు. దొరకడం అంటే ఏమిటో ఒక కేసులో చూడండి. సాగర్ కాల్వ మీద పెట్టిన మోటారు పోయింది. ఫిర్యాదులో కంపెనీ పేరు, ఐదు హెచ్‌పీ అని తప్ప ఇంకో గుర్తు లేదు. రికవరీ అని చూపించిన మోటారు మీద నంబర్ గీకేసి ఉంది. రైతు దగ్గర బిల్లు లేదు. పంచనామా మీద సాక్షులుగా సంతకం పెట్టిన పంచుల్లో ఒకాయన స్టేషన్ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే మనిషి. "సంతకం ఎక్కడ పెట్టారు?" అని అడిగాను. "నా షాపులనే సార్, కాగితం తెచ్చి పెట్టమన్నరు" అన్నాడు. కేసు అక్కడే కూలిపోయింది. మొదటి వాయిదాకే ఒప్పుకొని ఉంటే ఆ పంచును బోనెక్కించే అవసరమే వచ్చేది కాదు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ మాట వల్ల సొమ్ము దొరికితే, దొరికిన మేరకే చెల్లుతుంది. అందుకే దొంగతనం కేసుల్లో ప్రాణమంతా రికవరీలోనే ఉంటుంది. ఇప్పుడు సోదా, జప్తు వీడియో తీయాలని న్యాయ సంహితతో పాటే వచ్చిన మరో కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహితే చెబుతోంది. ఆ వీడియో చూపించమని అడిగే వకీలు ఉండాలి కదా! మోటారు పోయి పంట ఎండిన రైతు బాధ చిన్నదని నేను అనడం లేదు. కానీ దొంగతనం చేయని మనిషి ఒప్పుకుంటే రైతుకు తన మోటారు తిరిగి రాదు. అసలు దొంగ మాత్రం హాయిగా ఉంటాడు.

నిజంగానే చేసినవాడి సంగతేమిటంటారా? వాడికి వకీలు ఇంకా అవసరం. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మొదటిసారి దొంగతనం చేసినవాణ్ని కోర్టు మందలించి వదిలేయవచ్చు, మంచి నడవడిక బాండు మీద పంపవచ్చు. అలా వదిలితే ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత కూడా అంటదు. పైగా దొంగతనం రాజీకి వీలున్న నేరం, సొమ్ము యజమాని ఒప్పుకుంటే కేసే ముగుస్తుంది. "ఒప్పుకో" అని చెప్పే పెద్దమనుషుల్లో ఎంతమందికి ఇది తెలుసు?

స్టేషన్‌లో ఏం జరుగుతుందో కూడా మాట్లాడాలి. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తీసుకొచ్చిన ఒక దళిత మహిళ పోలీసు కస్టడీలో చనిపోయింది. వంట పని చేసుకుని బతికే మనిషి. తర్వాత ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు. పోయిన ప్రాణం పోయింది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో కారణం రాయకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. మొదటిసారి మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చినప్పుడే, ఖర్చు లేకుండా వకీలును ఇస్తామని నిందితుడికి చెప్పడం మేజిస్ట్రేట్ బాధ్యత అని ముంబై దాడుల కేసులో 2012లో చెప్పింది. అంత పెద్ద కేసులో నిందితుడికి ఉన్న హక్కు మన తండాల పిల్లగాడికి లేదా?

బెయిల్ వచ్చాక జామీను ఇంకో గోస. 1978లో మోతీరామ్ అనే మేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో పదివేల జామీను అడిగారు, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆయన పూచీ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఒక తెలుగువాణ్ని బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో దొంగతనం కేసులో పట్టుకుంటే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడని నిలదీశారు. ముంబై, పుణెలకు వలసపోయే పాలమూరు కూలీల కోసమే రాసినట్టుంటుంది. వెయ్యి రూపాయల సొంత పూచీ మీద ఆ మేస్త్రీని విడిచిపెట్టమన్నారు. బెయిల్ వచ్చి నెలయినా జామీను దొరక్క లోపలే ఉంటే, షరతులు సడలించాలేమో కోర్టే చూడవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

నన్ను "దొంగల వకీలు" అంటారు. అననీయండి. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలే చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక సర్పంచులకు, కుల పెద్దలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు నా మాట. మీ ఊరి పిల్లగాణ్ని తీసుకుపోయారని తెలిసిన గంటలోనే 15100కు ఫోన్ చేయండి. డబ్బులు అడగరు. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి కాబట్టి మర్నాడు పొద్దున్నే కోర్టుకు రండి. వచ్చేటప్పుడు ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు తెచ్చుకోండి. వకీలు వచ్చి కాగితాలు చదివేదాకా ఆ పిల్లగాడితో ఏ మాటా ఒప్పించకండి.