ఆ ‘ఏడు చేదు నిజాలు’ ఇంక పంపకండి

బెంగళూరులో తెలుగు డెవలపర్ల గ్రూపులు ఎన్ని ఉన్నాయో అన్నిట్లోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. “ఫంక్షనల్ ప్రోగ్రామింగ్: ఎవరూ చెప్పని 7 చేదు నిజాలు. మీ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి తప్పకుండా షేర్ చేయండి” అని మొదలవుతుంది. (ఇచ్చినదాన్ని బట్టే జవాబు చెప్పి, బయట దేన్నీ మార్చని చిన్న చిన్న ఫంక్షన్లతో, అంటే కోడ్ ముక్కలతో, ప్రోగ్రామ్ కట్టే పద్ధతి అది.) చివర్లో దండాల ఎమోజీలు. రాసిందెవరో తెలియదు. ఆఫీసు గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ క్రికెట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అనంతపురం నుంచి మా బావమరిది “బావా, ఇది నిజమేనా?” అని పంపాడు. వాడు చదివేది బీఫార్మసీ. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం.

ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశాను. కానీ మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అందులోని ఐదో పాయింట్ పట్టుకుని నిజంగానే పని మొదలుపెట్టేశాడు. ఇక ఊరుకుంటే లాభం లేదు. వరసగా చెప్తాను, ఓపిక ఉన్నంతవరకు.

మొదటి నిజం: “ఇదంతా కొత్త ఫ్యాషన్, రెండేళ్ళలో పోతుంది.” ఈ పద్ధతికి ఆద్యమైన లిస్ప్ భాష పుట్టింది 1958లో. ఈ మెసేజ్‌ని మోసుకొస్తున్న వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాష మీద నడుస్తాయి. ఆ ఎర్లాంగ్‌ని ఎరిక్సన్ వాళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1986లో మొదలుపెట్టారు. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్‌ని 45 కోట్ల మంది వాడుతున్నారు, ఇంజినీర్లు మాత్రం పదుల్లోనే. ఆ రెండేళ్ళు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో రాసినాయన చెప్తే బాగుండు.

రెండోది: “కేటగిరీ థియరీ, అడ్వాన్స్‌డ్ మాథ్స్ రాకుండా దీని జోలికి వెళ్ళొద్దు. ఐఐటీ వాళ్ళకే వర్కవుట్ అవుతుంది.”

ఇది చూస్తే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. బెంగళూరు మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఉండి కోచింగులకు తిరిగే పిల్లలు ఎక్కువమంది మనవాళ్ళే. మామూలు కాలేజీల్లో చదివి, ‘మనకి అంత సీన్ లేదు’ అని ముందే సగం చచ్చి ఉంటారు. వాళ్ళకి పంపాల్సిన మాటా ఇది? మనం చదివిన ఇంటర్ మొదటి సంవత్సరం మాథ్స్ 1ఏలో మొదటి చాప్టరే ఫంక్షన్లు. ఒక ఫంక్షన్‌లోంచి వచ్చినదాన్ని ఇంకో ఫంక్షన్‌లో వేయడం అక్కడే చేసి మార్కులు తెచ్చుకున్నాం. లిస్టులో ఒక్కోదాన్నీ మార్చి ఇచ్చే మ్యాప్, కావాల్సినవే ఏరే ఫిల్టర్, అన్నిటినీ ఒక్కటిగా కలిపే రెడ్యూస్ వాడటానికి అంతకు మించిన లెక్కలు అక్కర్లేదు.

‘మరి మోనాడ్?’ అంటారు. ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనుల్ని గొలుసులా కలిపే పద్ధతి అది. పూర్తిగా ఫంక్షనల్ అయిన హాస్కెల్ భాషకి మొదటి రిపోర్ట్, అంటే దాని ప్రామాణిక నిర్వచనం, 1990లో వచ్చింది. అప్పటికి అందులో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకి మోనాడ్లు లేవు. 1996లో, 1.3 వెర్షన్‌కి గానీ ఆ పద్ధతి స్టాండర్డ్‌లోకి రాలేదు. అంటే హాస్కెల్‌ని తయారుచేసిన మహానుభావులే కొన్నేళ్ళు అది లేకుండా బండి లాగించారు. మన బీటెక్ కుర్రాడు మాత్రం మొదటి రోజే మోనాడ్ నిర్వచనం అప్పజెప్పాలట. నేల విడిచి సాము చేయించడమంటే ఇదే. అయితే ఈ భయం ఆకాశంలోంచి ఊడిపడలేదు. కొత్తవాడు వచ్చి ఒక డౌట్ అడిగితే “ఎండోఫంక్టర్ల కేటగిరీలో మోనాయిడ్” అని లెక్కల పరిభాషలో జోకేసి నవ్వుకునే సీనియర్లు మన మీటప్పుల్లోనే ఉన్నారు. ఆ జోకు ఎవరికీ మోనాడ్ నేర్పలేదు గానీ చాలామందిని ఇంటికి పంపింది.

మూడో నిజం: “ఏదీ మార్చకూడదు కాబట్టి ప్రతిసారీ మొత్తం డేటా కాపీ చేస్తుంది. పది లక్షల ఐటమ్స్ ఉంటే పది లక్షలూ కాపీ. ర్యామ్ అయిపోతుంది.” క్లోజర్ అనే ఫంక్షనల్ భాషలో వెక్టర్ (వరస లిస్టు) లోపల ఏముందో ఒక్కసారి చూసి ఉంటే ఇలా రాసేవాడు కాదు. అదొక చెట్టు. ఒక్కో నోడ్‌కి, అంటే కొమ్మలు చీలే చోటుకి, 32 కొమ్మలు. నాలుగు 32లని ఒకదానితో ఒకటి గుణిస్తే 10,48,576. అంటే పది లక్షల ఐటమ్స్ నాలుగు మెట్లలో సర్దుకుంటాయి. ఒక ఐటమ్ మారిస్తే పై నుంచి దాని దాకా ఉన్న ఆ నాలుగు నోడ్లే కొత్తగా తయారవుతాయి. మిగతా చెట్టంతా పాతదీ కొత్తదీ కలిసి వాడుకుంటాయి. దగ్గర దగ్గర 128 పాయింటర్ల (డేటా ఎక్కడుందో చెప్పే చిరునామాల) కాపీ. పది లక్షలకీ దీనికీ ఉన్న తేడా ఆయనకి చిన్నదిగా అనిపించిందేమో.

ఇమేజ్ ప్రాసెసింగ్ లాంటి చోట ఉన్న ఎరేలోనే రాసేయడం వేగం, కాదనను. హాస్కెల్‌లో లేజీగా, అంటే లెక్కని చివరిదాకా వాయిదా వేస్తూ, ఫోల్డ్ (లిస్టుని ఒక్క విలువగా కలపడం) రాస్తే మెమరీ ఉబ్బుతుంది, అదీ నిజమే. కానీ మనలో ఎక్కువమంది రాసేది డేటాబేస్ నుంచి తెచ్చి జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చి పంపే కోడ్. ఇండెక్స్ (వెతకడానికి సూచిక) లేని టేబుల్ మీద క్వెరీ వేసి, ఇమ్యూటబిలిటీ (ఉన్న డేటాని మార్చకపోవడం) వల్ల స్లో అయిందంటే ఎలా?

నాలుగు: “హాస్కెల్ కాకపోతే అది ఫంక్షనలే కాదు.” హాస్కెల్ వాళ్ళు కూడా ఈ మాట అనరు. సరే, కొంతమంది అంటారు. వాళ్ళనీ పట్టించుకోకండి.

ఇప్పుడు ఐదోది. మా కుర్రాడిని బుట్టలో వేసింది. లైబ్రరీ అంటే వేరేవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్, ఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దొరికే చోటు, స్టార్ అంటే గిట్‌హబ్‌లో లైక్ లాంటిది. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: “ఇదంతా నేర్చుకుంటూ కూర్చోకు. 15 రోజుల్లో సొంత లైబ్రరీ పెట్టు. చిన్న ఫంక్షన్ ఒకటి రాసి ఎన్‌పీఎంలో పబ్లిష్ చేయి, ఫ్రెండ్స్‌తో స్టార్లు కొట్టించు, రెజ్యూమేలో ఓపెన్ సోర్స్ ఆథర్ అని వేసుకో. ప్యాకేజీ డబుల్.”

ఆహా! మిగతా ఆరూ చదివినవాడి బుర్రకి మాత్రమే నష్టం. దీనివల్ల ముక్కూ మొహం తెలియనివాళ్ళ బిల్లింగ్ సిస్టమ్‌లు పడిపోతాయి.

ఒక సంగతి చెప్తాను. మా బిల్లింగ్ కోడ్‌లో ఎవరో ఎప్పుడో తెచ్చిపెట్టిన చిన్న లైబ్రరీ ఒకటి ఉండేది. దాని పని ఇప్పుడు నడుస్తున్న ఆర్థిక సంవత్సరం చెప్పడం, అంతే. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు (బయటి నుంచి ఇచ్చే విలువలు) లేవు. పిలిస్తే తనే లోపల గడియారం చూసుకుని ‘24-25’ అని స్ట్రింగ్ ఇస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంది. జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబర్ ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. అందుకని చాలామంది సంవత్సరాన్ని నంబర్‌లోనే పెట్టి, ఏప్రిల్ 1న వరసని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. మేమూ అంతే. కానీ క్లౌడ్‌లో మా సర్వర్ గడియారం నడిచేది యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. మనకి ఏప్రిల్ 1 వచ్చేసినా, పొద్దున్న ఐదున్నర దాకా దానికి మార్చి 31వ తేదీయే. ఆ ఐదున్నర గంటల్లో పడిన బిల్లులన్నీ పాత సంవత్సరం పేరుతో వెళ్ళిపోయాయి. తెల్లారాక అకౌంట్స్ వాళ్ళు మమ్మల్ని ఉతికి ఆరేశారు. ఏడాదికి ఒక్క రాత్రి బయటపడే బగ్ అది. మిగతా రోజుల్లో టెస్టులన్నీ పచ్చగా పాస్ అవుతూనే ఉంటాయి. ఫంక్షన్ గడియారాన్ని కడుపులో దాచుకుంటే మార్చి 31 రాత్రి ఏం జరుగుతుందో జూలైలో ఎలా టెస్ట్ చేస్తారు?

తేదీని బయటి నుంచి ఆర్గ్యుమెంట్‌గా తీసుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఇచ్చిన తేదీకి సంవత్సరం చెప్పడం దాని పని. ఏ టైమ్‌జోన్ తేదీ ఇవ్వాలన్నది పిలిచేవాళ్ళ పని, వాళ్ళ కళ్ళెదుటే ఉంటుంది. ఏ తేదీ కావాలంటే ఆ తేదీతో ఎప్పుడైనా టెస్ట్ రాసుకోవచ్చు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో మొదటి వారం చెప్పే పాఠం ఇది. “నేర్చుకుంటూ కూర్చోకు” అని మన మెసేజ్ మహాత్ముడు వదిలేయమంటున్నది సరిగ్గా ఈ పాఠాన్నే. నేర్చుకోవాల్సిన చోట భయపెడతాడు, భయపడాల్సిన చోట వెనక నుంచి తోస్తాడు.

ఇంతకీ ఆ లైబ్రరీ రాసినతను ఏమయ్యాడు? పబ్లిష్ చేశాక మళ్ళీ అటు తొంగి చూసిన దాఖలా లేదు. ఇదే బగ్ గురించి ఎవరో పెట్టిన ఇష్యూ (ఫిర్యాదు) ఓపెన్‌లోనే ఉంది, దాని కింద వరసగా ‘మాకూ ఇదే’ అనే ‘ప్లస్ వన్’లు. స్టార్లకి మాత్రం లోటు లేదు. ఇప్పుడు ఆయనే వచ్చి సరిచేద్దామన్నా అంత తేలిక కాదు. ఆర్గ్యుమెంట్ తప్పనిసరి చేస్తే వాడుతున్నవాళ్ళందరి కోడ్ విరుగుతుంది. మేజర్ వెర్షన్ పెంచాలి, ఏం మారిందో రాయాలి, పాతదాన్ని కొన్నాళ్ళు మోయాలి. లైబ్రరీ పని అంటే అసలు ఇదీ. మొదటి పబ్లిష్ దాకా జరిగేది ట్రైలర్.

పదకొండు లైన్ల కోడ్‌తో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు లెఫ్ట్‌ప్యాడ్ అనే బుల్లి లైబ్రరీ కథ వినే ఉంటారు. 2016 మార్చిలో దాన్ని రాసినతను ఎన్‌పీఎం నుంచి తీసేయగానే ప్రపంచమంతా బిల్డ్‌లు (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పనులు) ఆగిపోయాయి. ఆ తర్వాతే పబ్లిష్ చేసినదాన్ని ఇష్టం వచ్చినట్టు వెనక్కి తీసుకోకుండా రూల్స్ బిగించారు. అంటే మీ 15 రోజుల కళాఖండం కూడా ఎవరైనా దానిమీద ఆధారపడ్డారంటే అక్కడే ఉండిపోతుంది, మీ పేరుతో సహా.

స్టార్లు కొట్టించే విద్య కూడా కొత్తదేం కాదు. అక్టోబర్‌లో జరిగే ఓపెన్ సోర్స్ పండగ, 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా? నాలుగు పుల్ రిక్వెస్టులు (‘నా మార్పు కలుపుకోండి’ అనే వినతులు) పెడితే టీషర్ట్ అన్నారు. ఇంకేముంది, ఊళ్ళో ఉన్న రీడ్‌మీలన్నిట్లోనూ (ప్రాజెక్ట్ పరిచయ ఫైళ్ళలో) ఒక పదం మార్చి, ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని చేర్చి పంపడమే. ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు గగ్గోలు పెడితే, నెల మొదటి వారంలోనే నిర్వాహకులు రూల్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకి వస్తాయన్నారు. ఆ దెబ్బతో నిజంగా పని చేసే మన పిల్లల పుల్ రిక్వెస్టులని కూడా కొన్నాళ్ళు అనుమానంగా చూశారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ కళ్ళుంటాయి బాబూ. మూడు వందల స్టార్లు, రెండు కమిట్లు (కోడ్‌లో చేర్చిన మార్పులు), జవాబు లేని ఇష్యూలు కనిపిస్తే ప్యాకేజీ డబుల్ అవ్వదు, ఇంటర్వ్యూ సగం అవుతుంది.

లైబ్రరీ రాయొద్దని కాదు. ముందు వేరేవాళ్ళ లైబ్రరీలో ఒక ఇష్యూ పట్టుకోండి. మా కుర్రాడికి అదే చెప్పాను. తను పబ్లిష్ చేద్దామనుకున్నది అంకెలకి లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టే ఫంక్షన్. 1234567 ఇస్తే 12,34,567 వస్తోంది, టెస్టులన్నీ పాస్. “కామాకి రెండు వైపులా అంకె ఉండాలి అని ఒక్క నియమం రాసి, దానిమీద అడ్డదిడ్డమైన నంబర్లు విసురు” అన్నాను. ఈ పద్ధతిని క్విక్‌చెక్ పేరుతో 2000లో హాస్కెల్ వాళ్ళకి ఇచ్చింది స్వీడన్‌లోని చాల్మర్స్ యూనివర్సిటీకి చెందిన క్లాసెన్, హ్యూస్. ఇప్పుడు జావాస్క్రిప్ట్, పైథాన్‌లలో కూడా దొరుకుతుంది. రన్ కొట్టగానే ఎర్రగా వచ్చింది. తప్పు దొరికిన నంబర్‌ని అది తనంతట తనే తగ్గించుకుంటూ వచ్చి చూపించిన నంబర్: మైనస్ 100. ఫంక్షన్ వెనక నుంచి మూడు అక్షరాలు విడగొడితే ముందు మైనస్ గుర్తు ఒక్కటే మిగిలింది. దానికీ ఒక అంకె అనుకుని పక్కన కామా తగిలించింది. ‘-,100’. ఎవరి రీఫండ్ రసీదు మీదో అచ్చయ్యేది అది. కుర్రాడు పబ్లిష్ బటన్ మీంచి చెయ్యి తీశాడు. ఇప్పుడు ఇలాంటి పనే చేసే పాత లైబ్రరీ ఒకదానికి నెగటివ్ నంబర్ల టెస్టులు రాస్తున్నాడు. స్టార్లు ఏమీ రాలేదు.

ఆరోది: “ఏఐ రాసేస్తుంది, నేర్చుకోవడం దండగ.” ఏఐ రాసిన కోడ్‌ని రాత్రి పదకొండుకి రివ్యూ చేసేది మీరే. లోపలికి ఏం వెళ్తోంది, బయటికి ఏం వస్తోంది అన్న రెండే చూడాలా, ఏ ఫంక్షనైనా మార్చగలిగే గ్లోబల్ వేరియబుళ్ళని ఎక్కడెక్కడో వెతకాలా? ఏది హాయో మీరే తేల్చుకోండి.

ఏడోది: “ఇండియాలో దీనికి ఉద్యోగాలు లేవు.”

దీనికి నా దగ్గర మంచి జవాబు ఉందనుకున్నాను. మనం బెంగళూరులో ఆటో పిలిచే నమ్మ యాత్రి బ్యాకెండ్ హాస్కెల్, కోడ్ మొత్తం గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ సదస్సు ‘ఫంక్షనల్ కాన్ఫ్’ ఈ ఊళ్ళోనే 2014లో మొదలైంది. కానీ రాస్తూ రాస్తూ ఆలోచిస్తే, ఈ ఒక్కదాంట్లో మెసేజ్ వైపే న్యాయం ఉంది. ఫ్రెషర్‌ని హాస్కెల్‌లోకో క్లోజర్‌లోకో తీసుకునే కంపెనీలు ఈ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ వేళ్ళున్న హసురా కంపెనీ కూడా తన గ్రాఫ్‌క్యూఎల్ (యాప్‌లు డేటా అడిగే భాష) ఇంజిన్‌ని హాస్కెల్‌లో రాసి పేరు తెచ్చుకుంది గానీ, మూడో వెర్షన్‌కి వచ్చేసరికి రస్ట్ భాషకి మారింది. ఎడ్యుకేషన్ లోన్ మీద పెట్టుకుని, బీటీఎం లేఅవుట్‌లో షేరింగ్ రూమ్‌లో ఉంటూ, నెలాఖరుకి ఇంటికి ఎంతో కొంత పంపాల్సిన పిల్లకి ‘ముందు హాస్కెల్ నేర్చుకోమ్మా’ అని నేనైతే చెప్పను. జావా, స్ప్రింగ్ బూట్ నేర్చుకుని ముందు ఉద్యోగం తెచ్చుకోమంటాను. ఎలాగూ ఫంక్షనల్ సరుకు జావాలోకీ వచ్చేసింది. 2014లో జావా 8తో ల్యాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీమ్‌లు (లిస్టు మీద మ్యాప్, ఫిల్టర్ లాంటివి) వచ్చాయి. 2021లో జావా 16తో రికార్డులు (తయారయ్యాక మార్చలేని డేటా మూటలు), 2023లో జావా 21తో స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ (డేటా ఆకారాన్ని బట్టి దారి ఎంచుకోవడం) వచ్చాయి. ఆ రికార్డులతో మొదలుపెట్టినా చాలు. హాస్కెల్ సంగతి పీజీ అద్దె కట్టాక చూసుకోవచ్చు.